నడుమ నిలబడినవాళ్ళు

రిఫరీకి కూడా మార్కులు వేస్తారన్న సంగతి నాకు ఇంత వయసొచ్చాక, ధర్మపురి మైదానంలో సిమెంటు మెట్ల మీద చతికిలబడి ఉండగా తెలిసింది. కుస్తీ పట్టే పిల్లలకు పాయింట్లు ఇచ్చేది రిఫరీలు కదా, మరి ఆ రిఫరీల వెనక కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, కళ్ళద్దాల పైనుంచి చూస్తున్న ఆ పెద్దావిడ ఎవరని భువనను అడిగితే, రిఫరీలకు మార్కులు వేసే మేడమ్ అంది. "అట్లైతే ఆమెకు మార్కులు వేసేదెవురే?" అన్నాను. "ముందు నువ్వా వడ తిను పెద్దమ్మా, ఆరిపోతాది" అని విజిల్ మెడలో వేసుకుని మెట్లు దిగిపోయింది.

భువన మా రుక్కమ్మత్త మనవరాలు. రుక్కమ్మత్త మా నాన్నకు చెల్లెలు. అత్తకు కంటి ఆపరేషన్ అయిందని విని హోసూరు నుంచి చూడబోయాను. చూసి, రెండు పూటలు కబుర్లు చెప్పి తిరిగి వద్దామనుకుంటే భువన వదల్లేదు. అది ఒక ప్రభుత్వ బడిలో ఆటల టీచరు. మర్నాడు బడిపిల్లల కుస్తీ పోటీలున్నాయి, నువ్వొచ్చి కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది రమ్మంది. ధైర్యం ఎందుకంటే ఆ రోజు పరీక్ష పిల్లలకే కాదు, దానికి కూడా. ఆ పోటీల్లో సరిగ్గా నిలబడితే రాష్ట్రస్థాయి బడి పోటీలకు పోయే రిఫరీల్లో దాన్ని తీసుకుంటారు. ఏళ్ళ తరబడి దాని కోరిక అదొక్కటే. రూల్సు పుస్తకం చదివి పరీక్ష రాసింది, ఎదురుగా కూర్చోబెట్టి అడిగినవాటికి జవాబులు చెప్పింది, ఇక మిగిలింది కుస్తీ పట్టే చాప మీద నిలబడి చూపించడం. పొద్దున ఇడ్లీ తింటూ నాకు అంతా వివరంగా చెప్పింది. చాప మీద ఎక్కడ నిలబడ్డారు, పట్టు కనిపించే వైపుకు తిరిగారా లేదా, చెయ్యి ఎత్తితే దూరంగా ఉన్నవాళ్ళకు కూడా తెలిసేటట్టు ఎత్తారా, విజిల్ ఎప్పుడు ఊదారు, ఇవన్నీ ఒకరు వెనక నుంచి చూస్తూ ఉంటారట. పిల్లలను తెచ్చిన కోచ్‌లు కూడా తర్వాత వచ్చి ఫలానా రిఫరీ ఇట్లా చేసింది అని చెప్పొచ్చట. వాళ్ళ బడి పిల్లలుగానీ, దగ్గర చుట్టాలుగానీ కుస్తీకి దిగితే ముందే చెప్పి పక్కకు తప్పుకోవాలట.

ఆ చివరి మాట విన్నప్పుడు నాకు మా తాత గుర్తుకొచ్చాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆయన ఒక్కడే కూర్చుని వండుకున్న సంగటి వాసన గుర్తుకొచ్చింది.

మేం కంబైనల్లూరు దగ్గర పల్లెవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాత మాగాణి కొంచెం, మెట్ట ఎక్కువ ఉన్న రైతు, కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు చెబితే పొలం ఎవరికీ గుర్తురాదు, గోదాలో నడుమ నిలబడే మనిషిగానే తెలుసు. అట్లాంటివాణ్ణి మా వైపు నడువరు అంటారు. కోతలైపోయిన రోజుల్లో ఊరికీ ఊరికీ మధ్య కుస్తీలు జరిగేవి. ఏ రెండు ఊళ్ళవాళ్ళు పట్టాలనుకున్నా ముందు నడువరును ఒప్పుకోవాలి. ఒక ఊరివాళ్ళు ఒక పేరు చెబితే రెండో ఊరివాళ్ళు కాదనొచ్చు, ఎందుకు కాదన్నావని అడగకూడదు. ఎవరి పేరు ఇద్దరూ కాదనరో వాడే నడువరు. ఆ రెండు ఊళ్ళ పెద్దలు వేరువేరుగా రాకూడదు, ఒకే పళ్ళెంలో తమలపాకులు పెట్టుకుని కలిసి రావాలి. మా తాత పేరు ఎవరూ కాదనకపోవడానికి ఆయన గొప్పతనం ఒక్కటే కారణం కాదు. అక్కడి ఊళ్ళలో మేం తెలుగువాళ్ళం కొన్ని ఇళ్ళే. మాకు పిల్లనిచ్చినవాళ్ళు, మేం ఇచ్చినవాళ్ళు దూరంగా ఎక్కడో ఉండేవాళ్ళు. ఎవరి పక్షానికీ చుట్టం కానివాడు కాబట్టి నడుమ నిలబడ్డాడు.

ఆకు అందుకున్న క్షణం నుంచి ఆయన వేరే మనిషయ్యేవాడు. పరాయి ఇంటి నీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. అది చాలనట్టు మా అవ్వ వండింది కూడా తినేవాడు కాదు. అవ్వ దగ్గరికి నలుగురు ఆడవాళ్ళు వచ్చిపోతుంటారు, ఎవరో ఒకరు మా పిల్లవాడు పడుతున్నాడక్కా అని ఒక మాట వేస్తారు, ఆ మాట అన్నంలో కలిసి నా కడుపులోకి పోతుంది అనేవాడు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, చింతమొద్దులు ఎగదోసి, రాగిపిండి తానే గెలికేవాడు. గెలకడం రాదు. పొగ, మాడు వాసన, మధ్యలో ఆయన దగ్గు. అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ పిండి ఉండలు కట్టింది చూడు, న్యాయం తినే మనిసికి ఉండలైతే ఏమి, సంగటైతే ఏమి" అని మాకు వినిపించేటట్టు అనేది. నేనూ మా చెల్లెలూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం. ఆయన వినబడనట్టే మాడిందాన్ని పచ్చిమిరపకాయ నంజుకుని తినేవాడు. గోదా మట్టిలో కలపడానికి వేపనూనె, పసుపు మా ఇంటి నుంచే పోయేవి. ఆ డబ్బాల మూతలు తీసినప్పటి ఘాటు, ఆ మాడిన సంగటి, తాత ఒంటికి పూసుకునే ఆముదం, ఈ మూడూ కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే నేను ఇప్పటికీ తల తిప్పి చూస్తాను.

ఆయనకు మార్కులు వేసేవాళ్ళు లేరు అనుకున్నాను గానీ, ఆ మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తే ఉన్నారనే అనిపించింది. కుస్తీ అయిన మర్నాడు ఓడిన ఊరివాళ్ళు నడువరు ఇంటికి వచ్చి మజ్జిగ తాగాలి. గెలిచినవాళ్ళు రావడం లెక్కలోకి రాదు. ఓడినవాళ్ళు వచ్చి తాగితే తీర్పు నిలిచినట్టు. రాకపోతే ఆ మనిషి పేరు ఆ తర్వాత ఎవరూ ఎత్తరు, అడగరు, తిట్టరు, అంతే. అవ్వ పొద్దున్నే పెద్ద కుండ నిండా మజ్జిగ చిలికి, అల్లం, కొత్తిమీర దంచి వేసి అరుగు మీద పెట్టేది. తాత పంచె ఉతికింది కట్టుకుని దాని పక్కన కూర్చుని దోవ వైపు చూడనట్టు నటించేవాడు. వాళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. నాకు తెలిసి రాకుండా పోయినవాళ్ళు లేరు.

ఒక ఏడు గోదాలో ఒక పక్క పట్టినవాడు గోవిందు మామ. గోవిందు మామ మా తాత సొంత చెల్లెలి కొడుకు. రుక్కమ్మత్తను ఆయనకే ఇవ్వాలని ఇద్దరూ పుట్టిన నాటి నుంచి అనుకున్నదే. మామ వాళ్ళ నాన్న పోయాక మా తాత చెల్లెలు పిల్లవాణ్ణి తీసుకుని దూరం నుంచి వచ్చి మొరప్పూరు పక్క ఊళ్ళో సేద్యం చేసుకుంటూ ఉండేది. ఆ ఊరి తరఫున మామ గోదాలోకి దిగుతాడని తెలిశాక మా తాత ఆకు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఒకే పొయ్యి మీద తినేవాడైతే నడువరు తప్పుకోవాలి, వాడిది వేరే పొయ్యి, నువ్వు నిలబడొచ్చు అని రెండు ఊళ్ళవాళ్ళూ పట్టుబట్టారు. నీ మీద మాకు నమ్మకం అన్నారు. ఆ మాట మనిషిని ఎంత గట్టిగా కట్టేస్తుందో నాకు అప్పుడు తెలియదు.

నేను చూడలేదు. ఆడపిల్లలను గోదా దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. కొంచెం దూరంగా బండ్లు నిలిపి వాటి మీద పెద్ద ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు, అట్లా రుక్కమ్మత్త పోయింది. నేను చూసింది ఆ తర్వాతదే. సాయంత్రం బండి వచ్చి వాకిట్లో ఆగింది. గోవిందు మామ గడ్డి మీద పడుకుని ఉన్నాడు. కుడి చెయ్యి భుజం దగ్గర ఉండాల్సిన చోట లేదు. ముఖమంతా గోదా మట్టి, పసుపు. అరవడం లేదు, పళ్ళు మాత్రం కటకటమంటున్నాయి. ఎదుటివాడు చేతిని వీపు వెనక మెలిపెట్టి ఎత్తాడట. నడువరు చేతిలో పచ్చి వేపబెత్తం ఉంటుంది, దాన్ని ఇద్దరి నడుమ అడ్డం పెడితే ఎంత పట్టులో ఉన్నా విడిపోవాల్సిందే. మా తాత పెట్టాడు. విరిగిన చప్పుడు వచ్చాక పెట్టాడు.

మర్నాడు అవ్వ మజ్జిగ చిలకనంది. తాత చిలకమన్నాడు. ఓడిన ఊరివాళ్ళు వచ్చారు, వాళ్ళ ముందు మా తాత చెల్లెలు నడుచుకుంటూ వచ్చింది. లోటా అందుకుని నిలబడే గటగటా తాగి, కింద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా లోపల పడుకున్న కొడుకు దగ్గరికి పోయింది. వాకిట్లో ఉన్న మగవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సొంత మేనల్లుడని కూడా చూడలేదు, నడువరంటే వీడు అన్నారు. ఆ మాట ఊళ్ళన్నీ తిరిగింది. మా ఇంట్లో పిల్లలకు అన్నం పెడుతూ చెప్పే కథ అదే అయిపోయింది. రుక్కమ్మత్త ఆ చెయ్యి వంగని గోవిందు మామనే చేసుకుంది. బతికినన్నాళ్ళు ఆయన అన్నం ఎడమ చేత్తో తిన్నాడు, చొక్కా గుండీలు అత్త పెట్టింది, దుక్కికి మడక అత్త పట్టింది. ఆ రోజు గురించి అత్త ఎప్పుడూ నోరెత్తలేదు. తండ్రి అంటే అంత గౌరవం అనుకున్నాం.

ఇదంతా తలచుకుంటూ కూర్చున్నానేగానీ కళ్ళు భువన మీదే ఉన్నాయి. నిజంగా ముచ్చటేసింది. తెల్ల చొక్కా, ఒక మణికట్టుకు ఎర్ర పట్టీ, ఇంకోదానికి నీలం పట్టీ. ఆ పిల్లల చుట్టూ పిల్లిలా తిరుగుతోంది, ఒకసారి చాప మీద బోర్లా పడుకుని భుజాలు తగిలాయో లేదో చూస్తోంది. ఏ పిల్ల మెడైనా కొంచెం వంకర తిరిగితే చాలు, నాకు అయ్యో అనిపించే లోపే విజిల్ మోగేది. వెనక కుర్చీలో మేడమ్ తల కొద్దిగా ఊపడం నేను రెండు మూడు సార్లు చూశాను. ఇక మన పిల్ల పోయినట్టే రాష్ట్రానికి అనుకుని, ఆరిపోయిన వడ కూడా తినేశాను.

మధ్యాహ్నం తర్వాత ఒక జత దిగింది. ఎర్ర బట్టల పిల్ల సన్నగా, చురుగ్గా ఉంది. దాని తల్లి చాప అంచున నిలబడి జడ గట్టిగా ముడివేస్తూ, "బయపడొద్దమ్మీ, కాలు జారనీకు, ఊపిరి పట్టు" అంది. నా చెవులు నిక్కాయి. తెలుగు! ఆ మైదానంలో పొద్దుటి నుంచి తమిళం తప్ప ఇంకో మాట వినలేదు. మనోళ్ళే అని లేచి పలకరిద్దామనుకున్నాను. చాప మధ్యలో ఉన్న భువన కూడా విని తల తిప్పింది, వెంటనే ముఖం తిప్పేసుకుంది. మాకు చుట్టాలు కారు, ఎవరో కూడా తెలియదు.

కుస్తీ మొదలైన కాసేపటికి నీలం బట్టల పిల్ల వెనక్కి వచ్చి ఈ పిల్ల ముంజేతిని పట్టుకుని వీపు వెనక్కి తిప్పింది. అట్లా తిప్పొచ్చు, కానీ మోచెయ్యి మూలమట్టం దాటి మడవకూడదని పొద్దున భువనే నాకు తన చెయ్యి మడిచి చూపించింది. చెయ్యి పైకి పోతోంది. ఇంకా పోతోంది. ఎర్ర పిల్ల నోరు తెరిచింది, శబ్దం రాలేదు. భువన అక్కడే ఉంది, విజిల్ పెదాల మధ్యే ఉంది. ఊదదే! నేను లేచి నిలబడి, "ఏయ్ భువనా!" అని ఎంత గట్టిగా అరిచానో, పక్కవాళ్ళు నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. విజిల్ మోగింది. అది భువనది కాదు, బల్ల దగ్గర కూర్చున్న పెద్ద రిఫరీది.

పిల్లను మోసుకుపోయి మంచుగడ్డలు పెట్టారు, డాక్టరు చూశాడు. ఎముక విరగలేదు, నరం పట్టింది అన్నారు. తల్లి ఏడుపు మాత్రం ఆగలేదు. ఏడుస్తూనే భువనను చూసి, "నీ బిడ్డ అయ్యుంటే ఊరికే ఉంటివా?" అంది తెలుగులో. ఆ మాట అక్కడ మా ఇద్దరికే అర్థమైంది. భువన ముఖం సున్నంలా పాలిపోయింది.

మేడమ్ అరవలేదు, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను సిగ్గులేకుండా దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆమె మాట్లాడింది తమిళం, నేను నా తెలుగులో చెబుతున్నాను. పొద్దుటి నుంచి నీ విజిల్ దెబ్బ తగలకముందే మోగింది, ఈ ఒక్క కుస్తీలో ఎందుకు మోగలేదు అని అడిగింది. "ఆ పిల్ల చెయ్యి పైకి పోతున్నప్పుడు నువ్వు కోచ్‌ల వైపు చూశావు. నేను చూశాను. ఎందుకు చూశావు?" అంది మేడమ్.

"ఆ పిల్లా నేనూ ఇంట్లో ఒకే భాష మేడమ్. తొందరపడి ఊదితే మనోళ్ళని కాపాడింది అంటారేమో అని..." అని ఆగిపోయింది భువన.

"వేరే పిల్ల అయితే ఊదేదానివా?"

"ఊదేదాన్ని."

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పిందే, ఇంత నిక్కచ్చి మనిషి మీకు ఎక్కడ దొరుకుతుంది, తనవాళ్ళు అని చూడనందుకు మెచ్చుకోవాలిగానీ అని నేను తమిళంలో మధ్యలో దూరాను. మా తాత పేరు కూడా ఎత్తబోయాను. మేడమ్ నా వైపు ఓపిగ్గా చూసింది. "అమ్మా, తనవాళ్ళని ఆ పిల్లకు ఒక న్యాయం, మిగతా పిల్లలకు ఒక న్యాయం చేసింది కదా. చెయ్యి నొప్పి ఎవరికైనా ఒకటే" అంది. తర్వాత భువన భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి నిన్ను పంపలేను" అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. తాత పేరు గొంతులోనే ఉండిపోయింది.

బస్సులో భువన ఏడవలేదు. నేనే ఆగలేక ఆ మేడమ్‌ను నాలుగు మాటలు అన్నాను. "ఆమె చెప్పింది కరెట్టే పెద్దమ్మా" అంది కిటికీలోంచి చూస్తూ. "నేను రూల్సు అన్నీ బట్టీ పట్టినా. ఆ నిమిసం రూలు గ్యాపకం రాలేదు. మా ముత్తాత వచ్చినాడు."

ఇంటికి పోయేసరికి రుక్కమ్మత్త నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడసాలలో కూర్చుని ఉంది. భువన కాళ్ళ దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది, ఏదీ దాచలేదు. అత్త మధ్యలో ఒక్కసారి మాత్రం, "ఆ పిల్ల చెయ్యి?" అని అడిగింది. విరగలేదు అవ్వా అంటే, తల ఊపి మిగతాది వింది. తండ్రి సంగతి ఎత్తి మనవరాల్ని ఓదారుస్తుంది, మన వంశమే అంత అంటుంది అనుకున్నాను. నేనైతే ఆ మాటే అనేదాన్ని.

"నేను ఆ పొద్దు బండి మింద నిలబడుకోని ఉంటి," అంది అత్త. మేమిద్దరం తలెత్తాం. "మీ తాత గోవిందు చెయ్యి మెలిపడే కొద్దీ నేను మా నాయన్నే చూస్తా ఉన్నా, బెత్తం పెడతాడు పెడతాడని. ఆయన గోవిందును చూళ్ళేదు. జనాన్ని చూసినాడు. రెండు పక్కలా చూసినాడు, వాళ్ళు ఏమనుకుంటాండారో అని. అంతలో పట్ మనె."

ఇన్నేళ్ళు! ఆ కథ అత్త ముందే ఎన్నిసార్లు చెప్పుకున్నామో, పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఆఖరికి గోవిందు మామ పోయిన రోజు శవం పక్కన కూర్చుని కూడా. అప్పుడంతా అత్త ఎక్కడుంది? అక్కడే ఉంది, అందరికీ కాఫీలు ఇస్తూ.

"అవ్వా, ఇన్నాళ్ళూ యాల చెప్పలేదు?" అంది భువన.

"ఎవురు అడిగినారు?" అంది అత్త. తడుముకుంటూ భువన కుడి చెయ్యి పట్టుకుని, మణికట్టు నుంచి భుజం దాకా మెల్లగా నిమిరింది. "అందరూ మా నాయన్ని పొగిడితిరి. నన్ను చేసుకున్నాయన్ని ఒకరన్నా, నొప్పేసెనా గోవిందూ అని అడగలేదు. పొద్దున్నే లేసి ఆ పిల్ల ఇంటికి పో. నొప్పేస్తా ఉందా అని అడుగు."